స్పీడు తక్కువ, సౌండు ఎక్కువ

మా రిపేరు షాపుకి కొరియర్లో వచ్చే ఎయిరోటర్లు, అంటే పళ్ళ డాక్టర్ల డ్రిల్లులు, చాలావరకు ఒకే చీటీతో వస్తాయి. దూదిలో చుట్టి, కవర్లో పెట్టి, పైన మందుల చీటీ ముక్క ఒకటి స్టేపుల్ చేసి ఉంటుంది. "స్పీడు తక్కువ, సౌండు ఎక్కువ. అర్జెంట్." డాక్టర్ల చేతిరాత చదవడం నాకు ఇప్పటికీ కష్టమే కానీ, ఈ వాక్యం మాత్రం దూరం నుంచి చూసినా గుర్తుపట్టేస్తాను.

రాసిన డాక్టరు గారి దృష్టిలో అవి రెండు వేర్వేరు జబ్బులు. అసలు బాధ స్పీడు పోయిందని. సౌండంటారా, అది ముందు నుంచీ ఉన్నదే, ఇంకాస్త పెరిగింది. "స్పీడు సంగతి చూడవయ్యా, సౌండు ఎలాగూ తప్పదుగా" అంటారు ఫోన్లో. ఆ "ఎలాగూ తప్పదు" అన్న మాట మీదే నా గొడవంతా.

ముందే చెప్పేస్తాను, నేను డెంటిస్టుని కాదు. డిప్లొమా చదివి, విజయవాడలో డెంటల్ చైర్లు, కంప్రెసర్లు, పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవులు బాగుచేసే పనిలో దిగి 18 ఏళ్ళయింది. పన్ను గురించి నాకు తెలిసింది తక్కువ. పన్ను మీద తిరిగే మిషన్ గురించి మాత్రం కాస్త మాట్లాడగలను.

ఎయిరోటర్ అంటే అదే, పళ్ళ డాక్టరు చేతిలో ఉండే, తలుచుకుంటేనే పళ్ళు జివ్వుమనిపించే ఆ సన్నటి పరికరం. ఫొటోకాపీని జెరాక్స్ అన్నట్టు, వనస్పతిని డాల్డా అన్నట్టు, ఈ పేరు కూడా ఒకప్పటి బ్రాండు పేరే. 1957లో అమెరికాలో జాన్ బోర్డెన్ అనే డెంటిస్టు తెచ్చిన పరికరం పేరు ఎయిరోటర్. ఇప్పుడు ఏ కంపెనీది కొన్నా మన దగ్గర డాక్టర్లకీ, స్టూడెంట్లకీ, నాలాంటి రిపేరు వాళ్ళకీ అది ఎయిరోటరే.

దాని తల వెనక ఉన్న మూత విప్పితే కార్ట్‌రిడ్జ్ బయటికొస్తుంది. చిటికెన వేలి గోరు మీద పెట్టుకోవచ్చు, అంత చిన్నది. మధ్యలో రోటర్, అంటే గాలిమర రెక్కల్లాంటివి చెక్కిన చక్రం. దానికి పైనొక బేరింగు, కిందొక బేరింగు. బేరింగు బయటి వ్యాసం పావు అంగుళం. అందులో ఒక్కో మిల్లీమీటరు ఉండే గుండ్లు, ఆవగింజల కన్నా చిన్నవి. అవి ఒకదాన్నొకటి రాసుకోకుండా ఒక సన్నటి ప్లాస్టిక్ కేజ్ పట్టుకుని ఉంటుంది. చుట్టూ రెండు రబ్బరు ఓరింగులు. కంప్రెసర్ నుంచి వచ్చిన గాలి ట్యూబులోంచి దూసుకొచ్చి రెక్కల మీద కొడుతుంది, చక్రం తిరుగుతుంది, మధ్యలో బిగించిన బర్, అంటే పన్నుని కోసే మొన, తిరుగుతుంది. అంతే. గేర్లు లేవు, మోటారు లేదు, వైరు లేదు.

ఈ అంతే అన్నది నిమిషానికి 3,60,000 సార్లు తిరుగుతుంది. లెక్కేస్తే సెకనుకి 6,000 చుట్లు. బర్ తల 1.6 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, దాని అంచు గంటకి 108 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. హైవే మీద కారు వేగం, నోట్లో, నాలుక పక్కన.

ఇంత వేగం ఎందుకు కావాల్సి వచ్చిందన్నది నాకు చాలా ఇష్టమైన కథ. పన్నుకి చిల్లు పెట్టడం కొత్తేమీ కాదు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో చెకుముకి రాతి మొనతో చిల్లు పెట్టిన దవడ పళ్ళు 11 దొరికాయి, వాటి వయసు 7,500 నుంచి 9,000 ఏళ్ళు. వడ్రంగి బరమాలాగా విల్లు తాడుతో తిప్పేవాళ్ళట. 1871లో అమెరికాలో మోరిసన్ కుట్టుమిషన్ లాగా కాలితో తొక్కే డ్రిల్లు చేశాడు. తర్వాత కరెంటు వచ్చింది, బెల్టులూ కప్పీలూ వచ్చాయి. పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు, "మా చిన్నప్పుడు ఆ మిషన్ పెడితే బుర్రంతా అదిరేది" అని. నిజమే. నిమిషానికి 3,000 చుట్లంటే సెకనుకి 50. ఆ కుదుపు ఎముకకీ చర్మానికీ బాగా తెలుస్తుంది.

1940ల చివర న్యూజిలాండ్‌లో, డునెడిన్ ఊళ్ళో ఉన్న ఒటాగో యూనివర్సిటీ డెంటల్ స్కూల్ డీన్ జాన్ వాల్ష్ ఈ కుదుపు గురించే ఆలోచించాడు. వేగం బాగా పెంచితే కుదుపు ఒంటికి తెలియని స్థాయికి వెళ్ళిపోతుందని ఆయన దారి. గాలితో తిరిగే టర్బైన్ హ్యాండ్‌పీసు, అంటే చేతిలో పట్టుకునే డ్రిల్లు, అలా మొదలైంది. 1953 నాటికి వాషింగ్టన్‌లో నెల్సన్ బృందం నీటితో తిరిగే టర్బైన్ చేసి నిమిషానికి 60,000 దాటించింది. నాలుగేళ్ళకి బోర్డెన్ గాలి టర్బైన్‌తో 3,00,000 దగ్గరికి తెచ్చాడు.

వాల్ష్ ఆలోచన తప్పు కాదు. సెకనుకి 6,000 సార్లు జరిగే కదలికని మన చర్మం పట్టలేదు. కానీ చెవి పడుతుంది. మనిషి చెవికి అతి చురుకైన భాగం 2,000 నుంచి 5,000 హెర్ట్‌జ్ మధ్య. ఎయిరోటర్ కూత ఆ గట్టు మీదే కూర్చుంది, పనిలో పడి వేగం తగ్గితే నేరుగా అందులోకే దిగుతుంది. అంటే పేషెంటు సుఖం కోసం ఒంట్లోంచి తీసేసిన కుదుపుని తీసుకెళ్ళి చెవిలో పెట్టారు. జోరీగని చెప్పులోంచి తీసి చెవిలో వేసినట్టు.

ఇక పెట్టె మీద అచ్చేసే అంకె సంగతి. 3,80,000 అని ఒకడు వేస్తాడు, 4,20,000 అని ఇంకొకడు. డాక్టర్లు ఈ అంకె చూసే కొంటారు. డెంటల్ ఎక్స్‌పోల్లో స్టాల్ దగ్గర నిలబడి చూస్తే మొదటి ప్రశ్న ధర, రెండోది ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లని. కానీ ఆ అంకె బర్ గాల్లో ఖాళీగా తిరిగేటప్పటి వేగం. అంటే అది ఏ పనీ చేయనప్పటి వేగం. పన్నుకి ఆనించగానే వేగం పడిపోతుంది, దాదాపు సగానికి వస్తుంది. గాలి టర్బైన్ గుణమే అంత. ఖాళీ వేగంలో సగం దగ్గర ఉన్నప్పుడే అది ఎక్కువ పని చేస్తుంది. ఇంకా నొక్కితే ఆగిపోతుంది. దాని మొత్తం బలం 15, 20 వాట్లు, మన ఇంట్లో ఎల్ఈడీ బల్బంత. కాబట్టి 4,20,000 అని చూసి కొనడమంటే, క్లచ్ నొక్కి ఎక్సలేటర్ తొక్కితే ఎంత మోగుతుందో చూసి కారు కొనడమే.

ఈ విషయం నాకు బల్ల మీద అర్థమైంది కొంత, కుర్చీలో అర్థమైంది చాలా.

మూడేళ్ళ కిందట నాకే పిప్పిపన్ను వచ్చింది. కింది దవడ, కుడివైపు. ఏ ఊళ్ళో ఏ క్లినిక్కో చెప్పను, వాళ్ళు నా కస్టమర్లే. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, దవడ మొద్దుబారింది. డాక్టరు గారు కాలితో పెడల్ నొక్కారు. ఒక్క సెకను విన్నాను. కింది బేరింగు పోయింది. మంచి ఎయిరోటర్ కూతలో ఒకే శ్రుతి ఉంటుంది, సన్నగా, తీగ లాగినట్టు. ఇందులో ఆ తీగ కింద ఇంకోటి ఉంది, గరగరమని, ఇసుక పడిన గిరకలాగా. తర్వాత అది పన్నుని తాకింది.

మీరు మీ గొంతు రికార్డింగ్‌లో విని ఇది నాది కాదే అనుకునే ఉంటారు. మాట్లాడేటప్పుడు మన గొంతు మనకి గాల్లోంచే కాదు, ఎముకలోంచి కూడా వినపడుతుంది కాబట్టి. ఇదీ అంతే. దవడ ఎముకలోంచి నేరుగా లోపలి చెవిలోకి వచ్చేసింది. 15 ఏళ్ళు వందల ఎయిరోటర్లు చెవి దగ్గర పెట్టుకుని విన్నవాణ్ణి, ఆ రోజు విన్నది మాత్రం వేరే మిషన్.

డాక్టరు గారు నొక్కారు. కూత పడిపోయింది, మూలిగింది, ఆగబోయింది. ఎత్తారు, మళ్ళీ కీచుమంది. మళ్ళీ నొక్కారు. "నొక్కకండి సార్, కోత రావట్లేదంటే బేరింగు, మీ చెయ్యి కాదు" అని చెప్పాలని నాకు. నోరు బార్లా తెరిచి, ఒక పక్క సక్షన్ పైపు, ఒక పక్క అద్దం. బయటికొచ్చింది "ఆఁ... ఆఁ" అని మాత్రమే. "నొప్పిగా ఉందా? ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకోండి" అన్నారాయన ఎంతో దయగా.

నొప్పి లేదు. ఉన్నదల్లా టెన్షనే. ఎందుకంటే నొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. కోత రాని బర్‌ని నొక్కితే వచ్చేది వేడి. పంటి లోపల ఉండే గుజ్జు, డాక్టర్లు పల్ప్ అంటారు, అది వేడికి తట్టుకోదు. 1965లో జాక్, కోహెన్ అనే ఇద్దరు కోతుల పళ్ళ మీద చేసిన ప్రయోగం డెంటల్ చదువుల్లో ఇప్పటికీ చెబుతారు. గుజ్జు వేడి 5.5 డిగ్రీలు పెరిగితే 15 శాతం పళ్ళు కోలుకోలేదు. అందుకే బర్‌తో పాటు నీళ్ళు చిమ్మాలి, నిమిషానికి 50 మిల్లీలీటర్లకు తగ్గకుండా. అందుకే ఎయిరోటర్‌ని రంగు బ్రష్ లాగా తేలిగ్గా ఆడించాలి కానీ ఉలి లాగా దించకూడదు.

లేచాక ఆ హ్యాండ్‌పీసు అడిగి జేబులో వేసుకుని వచ్చాను. షాపులో విప్పితే నేను విన్నదంతా కళ్ళ ముందు ఉంది. కింది బేరింగు కేజ్ పగిలి ముక్కలైంది. గుండ్లు మెరుపు పోయి గోధుమ రంగుకి వచ్చాయి. ఓరింగులు గట్టిపడి, వేలితో నొక్కితే ప్లాస్టిక్ గాజులా ఉన్నాయి. వాటి పని రోటర్ కుదుపుని మింగడం. గట్టిపడితే ఆ కుదుపంతా తల లోహానికి ఎక్కి, తలే గంటలా మోగుతుంది. ఆ మర్నాడు వెళ్ళి రెగ్యులేటర్ చూస్తే గాలి ఒత్తిడి 3.8 బార్ మీద పెట్టి ఉంది. ఆ మోడల్‌కి కంపెనీ చెప్పింది 2.5.

ఎవరు పెంచారంటే ఎవరూ చెప్పరు. కానీ ఎలా పెరుగుతుందో చెప్పగలను, అన్ని చోట్లా ఒకటే కథ. రోజూ సాయంత్రం నూనె కొట్టాలి, ఆటోక్లేవ్‌లో పెట్టేముందు. కొట్టరు, లేదా తప్పు రంధ్రంలో కొడతారు. వెనక ఉన్న రంధ్రాల్లో గాలి వచ్చేదొకటి, నీళ్ళు వచ్చేదొకటి, నూనె వెళ్ళాల్సింది గాలి దారిలో. నూనె లేని బేరింగు, దాంట్లో ఇంకిన ఎంగిలి, పంటి పొడి, వీటన్నిటినీ కలిపి 134 డిగ్రీల ఆవిరిలో ఉడికిస్తారు. నెలలోనో రెండు నెలల్లోనో స్పీడు తగ్గుతుంది. అప్పుడు ఒత్తిడి కాస్త పెంచుతారు. మళ్ళీ పరుగు వస్తుంది, కూత పెరుగుతుంది. బేరింగు ఇంకా తొందరగా అరుగుతుంది. మళ్ళీ పెంచుతారు. కేజ్ పగిలే రోజు దాకా ఇదే. గేజీ కూడా కంప్రెసర్ దగ్గర చూస్తారు. చూడాల్సింది హ్యాండ్‌పీసు తగిలించే చోట, అది తిరుగుతున్నప్పుడు. మధ్యలో పైపు, ఫిల్టరు, మలుపులు ఎంత మింగుతాయో కంప్రెసర్ దగ్గరి ముల్లుకి తెలియదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. బలం శబ్దంగా కారిపోతోందని కొందరు సేల్స్ కుర్రాళ్ళు చెబుతుంటారు. అది తప్పు. శబ్దంగా పోయే శక్తి లెక్కలోకి కూడా రాదు. కానీ ఆ శబ్దాన్ని పుట్టించే ఒరిపిడి, ఆ ఊగిసలాట, వంకరగా పట్టుకున్న బర్, అవి మాత్రం బలాన్ని తింటాయి. అందుకే స్పీడు తక్కువ, సౌండు ఎక్కువ అన్నవి రెండు జబ్బులు కావు. ఒకే జబ్బు, చెవికి ఒకలా, చేతికి ఒకలా తెలుస్తోంది.

మరి ఇంతమంది చదువుకున్నవాళ్ళు సౌండుని ఎలాగూ తప్పదని ఎందుకు వదిలేస్తున్నారు? నా అనుమానం, లోలోపల అందరికీ సౌండంటే బలమనే నమ్మకం. బుల్లెట్ బండికి సైలెన్సర్ పీకించి తిరిగే కుర్రాళ్ళని చూడండి. బండి వేగం అంతే ఉంటుంది. నడిపేవాడికి మాత్రం రాకెట్ ఎక్కినట్టు ఉంటుంది. సిరామిక్ బేరింగులు వేసిన మంచి కార్ట్‌రిడ్జ్ బిగించి ఇస్తే, "మెత్తగా ఉందేంటి, పవర్ తగ్గిందా?" అని అడిగిన డాక్టర్లు నాకు ఇద్దరు ముగ్గురు కాదు. స్టీలు గుండ్ల కన్నా సిరామిక్ గుండ్లు తేలిక, గట్టివి, నునుపు, అందుకే కూత తక్కువ. ధర ఎక్కువ. రెండు వేలకి ఎయిరోటరే కొత్తది వస్తుంటే కార్ట్‌రిడ్జ్‌కి అంత ఎందుకంటారు. ఆ రెండు వేలది మూడు నెలలు పాడి మూలపడుతుంది, ఇంకోటి కొంటారు. ఇందులో నా వ్యాపారం కూడా ఉందని మీకు అనిపిస్తే తప్పు పట్టను. ఉంది. కానీ కొత్తవి అమ్మేవాడి వ్యాపారం కన్నా నాది చిన్నదే.

అయితే శబ్దం పూర్తిగా పోవాలని నేను అనను. అక్కడ నాకూ, మూగ డ్రిల్లు కావాలనేవాళ్ళకీ పేచీ. చేయి తిరిగిన డాక్టరు చెవితో కోస్తారు. పైన ఉండే ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం, దాని మీద కూత ఒకలా ఉంటుంది. దాని కింది పొర డెంటిన్‌లోకి దిగగానే మారుతుంది. పుచ్చిన మెత్తటి భాగంలో ఇంకోలా. బర్ అరిగితే తెలుస్తుంది, నొక్కుడు ఎక్కువైతే శ్రుతి పడిపోతుంది. చెరువు గట్టున పంపుసెట్టు మోత విని బోరులో నీళ్ళు తగ్గాయో లేదో చెప్పే రైతుల్ని చూశాను. ఇదీ అలాంటి విద్యే. బేరింగు గరగర ఈ సంగతులన్నిటినీ మింగేస్తుంది. నేను తీసేయమనేది ఆ గరగరని, శ్రుతిని కాదు.

ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీసు ఈ వాదనకి మంచి పరీక్ష. మోటారు 40,000 తిరుగుతుంది, తలలోని గేర్లు దాన్ని అయిదింతలు చేసి 2,00,000 చేస్తాయి. పెట్టె మీద అంకె చూస్తే ఎయిరోటర్‌లో సగం. కానీ పన్నుకి ఆనించినా వేగం తగ్గదు, నొక్కినా ఆగదు, బలం 60 వాట్ల దాకా ఉంటుంది, కీచుమనే కూత లేదు. పనితీరంటే ఖాళీ వేగం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? జర్మనీ, జపాన్ కంపెనీలవి అద్భుతంగా ఉంటాయి. మన ఊళ్ళలో సెట్టు ధర లక్ష దాటుతుంది కాబట్టి పెద్ద క్లినిక్కుల్లోనే కనిపిస్తాయి.

కానీ దానికీ ఒక గుణం ఉంది. ఎయిరోటర్ పాడైతే అరుస్తుంది, నీరసపడుతుంది, మొరాయిస్తుంది. ఎలక్ట్రిక్‌ది అలా కాదు. లోపల గేరు అరిగినా, బేరింగు పట్టేసినా, మోటారు ఇంకాస్త కరెంటు లాగి తిప్పేస్తుంది. ఆ ఒరిపిడి వేడిగా మారి తల కాలిపోతుంది. పేషెంటుకి మత్తు ఇచ్చి ఉంటారు, పెదవి కాలుతున్నా తెలియదు. డాక్టరుకి పట్టుకునే చోట చల్లగానే ఉంటుంది. ఇలా కాలిన గాయాల గురించి 2007లో అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరిక పంపింది. అరవని పనివాడిని చూసి మురిసిపోతే ఏమవుతుందో అది. ఎలక్ట్రిక్ కొన్న డాక్టర్లకి నేను మొదట చెప్పేది ఇదే: దీనికి మెయింటెనెన్స్ తేదీ క్యాలెండర్లో రాసుకోండి, ఇది మీకు చెప్పదు.

చెవుల సంగతికి వస్తే, నేను భయపెట్టే లెక్కలు చెప్పను. మంచి కండిషన్లో ఉన్న ఎయిరోటర్ 65, 70 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, అరిగింది 80 దాటుతుంది. రోజుకి 8 గంటలు 85 డెసిబెల్స్ దాటకూడదని అమెరికాలో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం సంగతి చూసే నియోష్ సంస్థ సూచన. మన ఫ్యాక్టరీ రూల్స్ 90 దాకా ఒప్పుకుంటాయి. పళ్ళ డాక్టరు రోజంతా డ్రిల్లు తిప్పరు, మొత్తం కలిపితే గంటో గంటన్నరో. ఆ లెక్కన చాలామంది గీత లోపలే ఉన్నారు. కాబట్టి డ్రిల్లు వల్ల చెవుడు ఖాయమని ఎవరైనా అంటే నమ్మకండి.

కానీ గీత లోపల ఉంటే చాలా? హాస్పిటల్ చుట్టూ 100 మీటర్ల దాకా సైలెన్స్ జోన్ పెట్టి, పగలు 50 డెసిబెల్స్ దాటకూడదని 2000లో రూల్స్ చేసుకున్న దేశం మనది. బయట ఆటోవాడు హారన్ కొడితే తప్పు. లోపల బల్ల మీద పగిలిన కేజ్‌తో కీచుమనేది మాత్రం వైద్యం. పైగా ఆ గదిలో డ్రిల్లు ఒక్కటే కాదు. సక్షన్ ఉంది, పళ్ళ గార తీసే స్కేలర్ ఉంది, మెట్ల కిందో బాత్రూమ్ పక్కనో కంప్రెసర్ ఉంది. డెంటల్ కాలేజీ ల్యాబ్‌లో అయితే బొమ్మ తలల ముందు కూర్చుని 40, 50 మంది పిల్లలు ఒకేసారి డ్రిల్లులు తిప్పుతుంటారు. అక్కడ పని చేసొచ్చిన రోజు రాత్రి నాకు నిద్రలో కూడా గుయ్‌మంటూనే ఉంటుంది. చెవి ప్లగ్గులు పది రూపాయలకి దొరుకుతాయి. ఇలాంటి హెచ్చు శ్రుతి శబ్దానికి అవి బాగా పనిచేస్తాయి కూడా. ఒక్కరు పెట్టుకున్నది చూడలేదు. నేను పెట్టుకుంటే నవ్వారు.

పేషెంటుకి హెడ్‌ఫోన్స్ పెట్టి పాటలు వినిపించే క్లినిక్కులు ఉన్నాయి. మంచిదే, మనసు మళ్ళుతుంది. 2011లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ వాళ్ళు, మరో రెండు యూనివర్సిటీలతో కలిసి, డ్రిల్లు కూతని మాత్రమే కొట్టేసి డాక్టరు మాట వినపడనిచ్చే పరికరం నమూనా తయారుచేశారు. కార్లలో రోడ్డు మోతని తగ్గించే పద్ధతే దానికి ప్రేరణ. తెలివైన పనే. కానీ దవడ ఎముకలోంచి వచ్చేదాన్ని చెవి మీద డిప్ప పెట్టి ఎంతవరకు ఆపుతాం? పుట్టే చోట తగ్గించకుండా చేరే చోట మూయడం, కుళాయి కట్టకుండా గుడ్డతో నేల తుడిచినట్టు ఉంటుంది నాకు.

పిల్లల విషయంలో అయితే ఇంకా చిన్న సంగతులతో పని జరుగుతుంది. ఎయిరోటర్ గాల్లో ఖాళీగా తిరిగేటప్పుడు కూడా గట్టిగానే అరుస్తుంది. చాలామంది డాక్టర్లు ట్రేలోంచి తీయగానే, పిల్లాడి చెవి పక్కనే, పనిచేస్తుందో లేదో అని ఒకసారి నొక్కి చూస్తారు. వాడు అప్పుడే ఏడుపు మొదలుపెడతాడు. ప్లైవుడ్ పార్టిషన్ అవతల కూర్చున్న ఇంకో నలుగురు పిల్లలు అందుకుంటారు. ఆ పరీక్షేదో పేషెంటు రాకముందు చేసుకుంటే సగం గొడవ ఉండదు. అసలు డ్రిల్లే లేకుండా చేత్తో పుచ్చు గీకి సిమెంటు పెట్టే పద్ధతి 1980ల నడుమ టాంజానియాలో మొదలై చాలా దేశాలకి పాకింది, పిల్లల డాక్టర్లకి అది బాగా తెలుసు. అది వాళ్ళు చెప్పాల్సిన కథ, నాది కాదు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. 35 ఏళ్ళ ప్రాక్టీసు. చేయి ఎంత మెత్తనంటే, మా ఇంట్లో అందరి పళ్ళూ ఆయన దగ్గరే. ఒకసారి చైర్ లైటు బాగుచేయడానికి వెళ్తే, పక్కన ఆయన ఎవరికో క్రౌన్, అంటే పంటి తొడుగు, కోసం పన్ను తయారుచేస్తున్నారు. ఎయిరోటర్ ఘోరంగా కీచుమంటోంది. సక్షన్ పట్టుకున్న అసిస్టెంట్ అమ్మాయి మొహం ఒక పక్కకి తిప్పేసుకుని ఉంది, నిమ్మకాయ కొరికినట్టు.

పేషెంటు వెళ్ళాక అన్నాను, "సార్, ఆ హ్యాండ్‌పీసు బేరింగులు పోయాయి, సౌండు చూశారా?"

"సౌండేముందయ్యా? బాగానే ఉందిగా" అన్నారు. నిజంగానే అన్నారు. చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూపించారు కూడా. ఆ అమ్మాయీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆయనతో మాట్లాడితే "శ్రీశైలం" అన్నా "ఏ ఊరు?" అంటారు. మాట వినపడుతుంది, ఏమన్నామో తెలియదు. శ, ష, స లాంటి అక్షరాల పదునంతా హెచ్చు శ్రుతిలోనే ఉంటుంది, అది పోతే మాట మబ్బు పట్టినట్టు ఉంటుంది. వయసు వల్లా, డ్రిల్లు వల్లా అంటే చెప్పలేను, వయసు వల్లే అయ్యుండొచ్చు. ఏదైతేనేం, ఆ గదిలో మిషన్ పాడైందో లేదో చెప్పాల్సిన చెవి ఆయనది, ఆ చెవికి ఆ శ్రుతి అందట్లేదు.

"మీరు కాదు సార్, ఆ అమ్మాయిని అడగండి" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. కాసేపు హ్యాండ్‌పీసు వైపు చూసి నా చేతిలో పెట్టారు. సిరామిక్ కార్ట్‌రిడ్జ్ వేశాను, ఓరింగులు మార్చాను, గాలి 2.5 బార్‌కి దించాను. నొక్కి చూపిస్తే ఆయన అమ్మాయి వైపు తిరిగి, "ఎలా ఉందమ్మా?" అన్నారు. "వినపడుతోంది కానీ గుచ్చుకోవట్లేదు సార్" అంది.

రెండు నెలల తర్వాత కంప్రెసర్ సర్వీసుకి వెళ్తే గేజీ ముల్లు మూడున్నర మీద ఉంది.

"నేను తిప్పలేదు అన్నయ్యా" అంది ఆ అమ్మాయి నేను అడగకముందే. "స్పీడు తక్కువగా ఉన్నట్టుందట సార్‌కి."

ముల్లుని మళ్ళీ రెండున్నరకి దించి, నాబ్ మీద తెల్ల టేపు అంటించి, పెన్నుతో గీత గీశాను. ఆ గీత దాటితే నాకు ఫోన్ చేయమని నంబరు కూడా ఆ టేపు మీదే రాశాను.